స్వామి చేతిలో కరెంటు, నా చేతిలో మీటరు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి అభిప్రాయాలుండేవి. లోకమంతా మూఢనమ్మకాల్లో కూరుకుపోయిందన్నది ఒకటి. నేను మాత్రం కూరుకుపోలేదన్నది రెండోది. మొదటిది ఇప్పటికీ మార్చుకోలేదు. రెండోదాని సంగతే చెబుతాను. కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటావిడను వాడంతా పెద్దమ్మ అనేది, నేనూ అనేవాణ్ణి. (నెలరోజులు జ్వరంతో పడుంటే జావ కాచి తాగించిన మనిషిని మరేమంటాం?) ఆమెకు రక్తపోటు, రోజూ దవాఖాన వాళ్లిచ్చిన గోలీలు మింగాలి. ప్రతి గురువారం ఆ ఇంటికి ఒక స్వామి వచ్చేవాడు. తన అరచేతిలో విద్యుత్తు ఉందనీ, అది సోకితే రోగం పోతుందనీ ఆయన మాట. సంస్కరణ సభల్లో పెద్దపెద్దవాళ్ల నోళ్లు మూయించిన నేను ఊరుకుంటానా? "విద్యుత్తే అయితే కొలుద్దాం రండి" అన్నాను.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికిన ఒక పాత పత్రిక చూసి, రెండు ట్రాన్సిస్టర్లు, ఒక బ్యాటరీ, ఒక ముల్లు మీటరు కలిపి యంత్రం కట్టాను. ఎంత చిన్న వోల్టేజీనైనా పెంచి చూపిస్తుంది. గురువారం పెద్దమ్మ హాల్లో, ట్యూబ్‌లైటు కింద, భక్తులందరికీ పావుగంట ఉపన్యాసమిచ్చి తీగ స్వామి చేతికందించాను. ఆయన భయపడుతూనే పట్టుకున్నాడు. ముల్లు ఒక్క ఉదుటున పోయి అటు చివర కొట్టుకుంది! "చూసిన్రా? మిషనే ఒప్పుకున్నది!" అని ఒకాయన అరిచాడు. ఆ స్వామికి ఏ శిష్యుడూ చెయ్యనంత సేవ నేను చేశానన్నమాట. పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీ పుణ్యాన తెలిసింది బిడ్డా. ఇగ గీ గోలీలెందుకు?" అంటూ మందుల డబ్బా తీసి స్టూలెక్కి అలమారా మీద పెట్టేసింది.

నా ధీమా అక్కడితో ఆగింది. శనివారానికి ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. "కళ్లు తిరుగుతున్నయా పెద్దమ్మా? గోలీ వేసుకో" అని (ఆమె భాషలోనే) బతిమాలితే, "నువ్వే కొలిచినవ్, నువ్వే వద్దంటవా?" అంది.

యంత్రాన్ని సంచిలో వేసుకుని ఆబిడ్స్ సందులో రేడియోలు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. కథంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "తమ్మీ, గా తీగ నువ్వు ముట్టుకుని చూసినవా?"

"నేనెందుకు ముట్టుకోవాలి? నాలో శక్తి లేదని నాకు తెలుసుగా!"

"ఏంది, పరీక్ష లేకుండనే తెలిసిందా?"

ముట్టుకున్నాను. ముల్లు చివరికి కొట్టుకుంది. ఉస్తాద్ ముట్టుకున్నాడు, అంతే. చాయ్ తెచ్చినాయన ముట్టుకున్నా అంతే. "అందరం స్వాములమే" అని ఉస్తాద్ పగలబడి నవ్వి, తలమీది ట్యూబ్‌లైటు చూపించాడు. "గోడల్ల పోయే కరెంటు సెకనుకు యాభై సార్లు అటిటు ఊగుతది. దాని గాలి మన ఒంటికి తగులుతది. నీ మిషన్ గా ఊగుడునే పెంచి చూపిస్తున్నది." తీగ తీసేసి పైన జాలీ ఉన్న తీగ వేశాడు, యంత్రాన్ని రేకు బిస్కెట్ డబ్బాలో అమర్చాడు, దారిలో ఒక రెసిస్టరు, ఒక కండెన్సరు పెట్టాడు. "ఊగేదాన్ని పక్కదారి పట్టిస్తది, నిలకడగ వచ్చేదాన్ని లోపలికి రానిస్తది. జర ఫికర్ చెయ్యకు." కండెన్సరుకు చిన్న స్విచ్చి కూడా పెట్టాడు. అది ఎందుకో ఆదివారం తెలిసింది.

ఆ రోజు పెద్దమ్మ ముందు కూర్చుని, స్విచ్చి ఆపి, తీగ ఆమెకే ఇచ్చాను. ముల్లు ఎగిరింది. "ఔ బిడ్డా! నాల గూడ ఉన్నదా శక్తి!" అని ఆమె ముఖం వెలిగిపోయింది. (చచ్చాను, ఇంకో స్వామిని తయారుచేశాననుకున్నాను.) గబగబా నేను ముట్టుకున్నాను, పాలు పోయడానికి వచ్చినామె చేత ముట్టించాను, ముల్లు అందరికీ ఒకే రకంగా ఎగిరింది. అప్పుడు స్విచ్చి వేశాను. ఎవరు ముట్టుకున్నా ముల్లు నిద్రపోయింది. "మిషన్ చచ్చిందేమో" అంది పెద్దమ్మ. సబబైన సందేహం! వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి, దానికి రాగి తీగ, ఇనుప మేకు గుచ్చి కలిపాను. నిమ్మకాయలో పుట్టే నిలకడ కరెంటుకు ముల్లు నెమ్మదిగా లేచి నిలబడింది. పెద్దమ్మ నిమ్మకాయ మీదికి వంగి చూసింది. "అంటే స్వామి కన్నా నిమ్మకాయే నయమా?" అని లేచి, "అలమారా మీద నాకు అందది, గా డబ్బా నువ్వే తియ్యి" అంది.

ఆమె గోలీ మింగేదాకా నిలబడి చూశాను. తరువాత నేను గెలిచిన వాదనలు చాలా ఉన్నాయి, ఏదీ అంత తీపిగా లేదు. ఉస్తాద్‌కు థాంక్స్ చెప్పబోతే చాయ్ చేతిలో పెట్టి నోరు మూయించాడు. ఇన్నేళ్లయినా ఎవరి గుడ్డినమ్మకం మీదనైనా నిప్పులు కక్కుతూ వ్యాసం రాసి సంతకం చేయబోయేసరికి, నా చూపుడువేలు ఆ తీగ కోసం తడుముకుంటుంది. ఆ గుడ్డితనం నాలోనూ ఉందేమోనని ముట్టుకుని చూస్తాను. చాలాసార్లు ముల్లు కదులుతుంది. అప్పుడు కొట్టివేతలు మొదలుపెడతాను.