పైకి లేచిన చేయి

బియ్యం బస్తా అయితే ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటాం. కాసేపు గోడకు ఆనించి ఊపిరి తీసుకుంటాం. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నదాన్ని ఎక్కడ ఆనించాలో నాకు తెలియలేదు. ఇవాళ నీ ముందు దించుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే ఒకావిడ రాస్తోంది. నా పేరు వద్దన్నాను. మిగతాది ఏదీ తీసేయొద్దని కూడా అన్నాను.

మాది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. నా భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు. ఆయన పోయాక మీర్‌పేట్‌లో అదే కిరాయి ఇంట్లో ఉండిపోయి, చీరలకు ఫాల్స్ కుట్టి బతికాను. వచ్చినవాళ్ళు చీర ఇచ్చేవాళ్ళు, ఎప్పుడిస్తావని అడిగేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. అంతకుమించి నాతో మాట్లాడేవాళ్ళు లేరు. అప్పుడు పై వాటాలో పద్మజ వాళ్ళు దిగారు. అసలు పేరు అది కాదు. ఆమెది గుంటూరు వైపు. ఒక మధ్యాహ్నం నేను కుడుతూ పాడుకుంటుంటే మెట్ల మీద ఆగి విన్నది. రెండో రోజే నన్ను వెంటబెట్టుకుని చైతన్యపురికి తీసుకుపోయింది.

అక్కడ ఒక కోచింగ్ సెంటర్ పైన హాలు. ఒక ముసలి వయొలిన్ మాస్టారు ఆడవాళ్ళను పోగుచేసి కోరస్ పాడించేవారు. వెనక వయొలిన్లు, ఫ్లూటు, కీబోర్డు, తబలా. అన్నిటినీ కలిపి నడిపేది మాస్టారి చేయి. భుజం నొప్పితో ఆ చేయి లేవడం కష్టమయ్యాక, మీలో ఎవరైనా నేర్చుకోండి అన్నారు. పద్మజ లేచి నిలబడింది. నన్నూ లేపింది. ఆమె లేపకపోతే నేను లేచేదాన్నే కాదు. ఇది గుర్తుపెట్టుకో.

చేయి కిందికి వస్తే ఒకటి, లోపలికి రెండు, బయటికి మూడు, పైకి నాలుగు. మగ్గం మీద పెరిగినదాన్ని, ఈ తాళం లెక్క నాకు తొందరగానే పట్టుబడింది. కష్టమంతా మొదలుపెట్టడంలో ఉంది. పాటకు ముందు చేయి ఒకసారి పైకి లేస్తుంది. అది పాడమని కాదు, అందరూ కలిసి ఊపిరి తీసుకోమని. ఆ చేయి కిందికి దిగినప్పుడే గొంతు విప్పాలి. మెట్రోలో ఎల్బీ నగర్ నుంచి వెళ్ళేటప్పుడు పద్మజ నాకు అదే నేర్పేది. దోమలు తోలుతున్నామనుకుని జనం నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

నేను చేయి లేపితే అందరూ నా వైపు చూసేవారు. ఆమె లేపితే హాలంతా ఊపిరి తీసుకునేది. ఆ తేడా నాకు మొదటి రోజే తెలిసింది. చిన్న చేయి, సన్నటి వేళ్ళు, ఒంటి గాజు. ఆ చేతిలో ఏముంది? ఇంటికొచ్చి అద్దం ముందు గరిటె పట్టుకుని నా చేయి లేపి చూసుకునేదాన్ని. గరిటె లేచేది, అంతే. చీర కుడుతూ ఆమెను తలుచుకుంటే సూది వేలికి గుచ్చుకునేది. ఆమె మంచిదని తలుచుకున్నప్పుడు ఇంకా లోతుగా గుచ్చుకునేది. చెడ్డదై ఉంటే బాగుండునని కోరుకున్నాను. నన్ను ఒక్క మాట అని ఉంటే చాలనుకున్నాను. అనలేదు.

సరూర్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా మొదటి పెద్ద ప్రోగ్రాం కుదిరింది. నడిపేది పద్మజ అని మాస్టారు చెప్పారు. నన్ను ముందు వరుసలో, చివర నిలబడమన్నారు. విధవనని తప్పించారు, పదిమంది ముందు మొదట ముత్తయిదువ చేయి లేవాలనుకున్నారు అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని ఏడ్చాను కూడా. కానీ నిజంగా ఆ మాట ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఆమె నాకంటే బాగా చేస్తుంది కాబట్టి ఇచ్చారు. అది నాకు తెలుసు. తెలిసినదాన్ని కప్పుకోవడానికి నా వైధవ్యాన్నే వాడుకున్నాను. చనిపోయిన మనిషిని కూడా ఇందులోకి లాగాను.

ఇక ఆ రోజు సంగతి.

మా కోరస్‌లో ఒక పాడు అలవాటు ఉండేది. చాలామందికి చేయి చూసి పాడటం రాదు. నాది పెద్ద గొంతు. నేను ఎత్తుకుంటే వాళ్ళూ ఎత్తుకునేవాళ్ళు. ఆవిణ్ణి కాదు, చేతిని చూడండని మాస్టారు ఎన్నిసార్లు అరిచినా అంతే. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఒక్క పద్మజే దాన్ని పట్టించుకోలేదు. నేను ఆమె వైపే ఉన్నానని అనుకున్నది.

హాలు నిండింది. పద్మజ మా ముందుకొచ్చి నిలబడి, నన్ను చూసి చిన్నగా నవ్వింది. ఊపిరి కోసం చేయి పైకి లేపింది. హాలంతా ఆ చేతి కింద ఆగింది. ఆ ఆగడం నాకు కావాలి. నాకే కావాలి.

నేను పాడేశాను.

చేయి ఇంకా పైనే ఉంది. నా వెనక ఆడవాళ్ళంతా అందుకున్నారు. చేయి కిందికి దిగాక, సరైన చోట, వయొలిన్లు మొదలయ్యాయి. గొంతులు ముందు, వాద్యాలు వెనక. పద్మజ మమ్మల్ని అందుకోబోయింది, వాద్యాలు చెదిరాయి. వాద్యాల దగ్గరికి పోబోయింది, గొంతులు విరిగాయి. పాట ఆగిపోయింది. వెనక వరుసల్లో ఎవరో ఈల వేశారు. మాస్టారు లేచి వచ్చి, నొప్పి భుజంతోనే మళ్ళీ మొదటి నుంచి నడిపించారు. పద్మజ పక్కకు జరిగి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

అయిపోయాక వెనక గదిలో అందరం చేరాం. ముందుగా నోరు తెరిచింది యాదమ్మ. మా వరుసలోనే పాడుతుంది, ఏదో ఒకటి అనకుండా ఉండలేదు.

"మనం బండెక్కి పోయినం, ఫిడేలోళ్ళు స్టాండ్ల మిగిలిన్రు. గిది పాటనా, పెండ్లి బస్సా?"

"నవ్వకు యాదమ్మా," అన్నారు మాస్టారు. పాట మొదలయ్యేటప్పుడు కళ్ళు మూసుకుని వినడం ఆయన అలవాటు. అందుకే ఆయన చూడలేదు. "ఏం జరిగిందో ఎవరైనా చెప్పండి."

"మాకైతే సరిగ్గానే చూపించిందండీ," అన్నాడు వయొలిన్ ఆయన.

"అట్లెట్ల? సరిగ చూపిస్తే మేమంత ఒక్కపారే ఎందుకు ఎత్తుకుంటం?" అన్నది యాదమ్మ. అందరూ అవునన్నారు. చేతిని చూడలేదని ఎవరు ఒప్పుకుంటారు?

పద్మజ వాళ్ళందరినీ దాటుకుని నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నా చెయ్యి పైకే కదా లేచింది? నేను దించానా? నువ్వు ముందే ఉన్నావుగా, చెప్పక్కా."

ఆమె కళ్ళలోకి చూశాను. చూసే చెప్పాను.

"దించినవ్ పద్మజా. నేను చూసిన. చూసినంకనే ఎత్తుకున్న."

"నాకు తెలియనే లేదక్కా," అన్నది. తన చేతిని తిప్పి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

పాట చెడగొట్టినందుకు నన్ను నేను ఎప్పుడో ఒకప్పుడు క్షమించుకునేదాన్నేమో. కోపంలోనో కుళ్ళులోనో జారిన నోరు అనుకునేదాన్ని. ఈ మాటను మాత్రం ఏమనుకోను? ఇది జారలేదు. ఆమె అడిగింది, నేను ఆలోచించుకున్నాను, ఆమె చేతిని ఆమెకే పరాయిది చేశాను.

ఆ తర్వాత నడపడానికి మాస్టారు నన్ను నిలబెట్టారు. ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. బాగానే నడుపుతానంటారు. పద్మజ వెనక వరుసలో పాడుతుంది. రెప్ప వేయకుండా నా చేతినే చూస్తుంది. పాట మధ్యలో కొంగు చాటున ఆమె వేళ్ళు కదులుతుంటాయి. నా చేతికంటే అవే సరిగ్గా ఉంటాయి. అది చూసినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో మండుతుంది. ఆమె దగ్గరిది అంతా తీసుకున్నాక కూడా మండుతుందంటే, నేనెలాంటిదాన్నో నువ్వే చూడు.

మొన్న మళ్ళీ ఒకసారి ప్రయత్నించమని అన్నాను. నిజంగానే అన్నానా, వద్దంటుందని తెలిసే అన్నానా? ఆమె నవ్వి, "నాకే తెలియకుండా దిగిపోయే చెయ్యి అక్కా నాది. నువ్వే చూశావుగా," అన్నది.

ఆ సాయంత్రం నిజం చెప్పేద్దామని పై వాటా మెట్లు సగం ఎక్కి దిగి వచ్చేశాను. భయపడి అనుకుంటున్నావా? భయం కూడా ఉంది. కానీ అసలు సంగతి వేరు. నిజం చెబితే ఆమె చేయి ఆమెకు తిరిగి దొరుకుతుంది. దొరికాక హాలు ఎవరి చేతి కింద ఊపిరి తీసుకుంటుంది? ఇంత ముసలితనంలో, ఇంత సిగ్గుతో కూడా నేను ముందు ఆలోచించింది అదే. నన్ను మంచిదాన్నని అనకు. పశ్చాత్తాపపడింది, చాల్లే అని కూడా అనకు.

రాస్తున్నావిడను ఇక్కడ కాస్త ఆగమన్నాను. ఇంతసేపూ చుట్టూ తిప్పి చెప్పాను గానీ, ఇన్నేళ్లలో నా నోటితో ఒక్కసారి కూడా నేరుగా బయటికి అనని మాట ఒకటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, గోడకైనా చెప్పలేదు. ఇప్పుడు అన్నాను. పద్మజ చేయి పైకే లేచింది, దిగలేదు, నేనే ముందు పాడాను. మంచినీళ్ళు తాగి, మళ్ళీ అన్నాను. రాశావా అని అడిగాను. రాశానన్నది. చదివి వినిపించమన్నాను. వినిపించింది. అవును, అదే, అన్నాను.