తమ్ముడికి సమన్లు

మా తమ్ముడి భార్య వచ్చి ఆ మాట అడిగిన మధ్యాహ్నం నేను వరండాలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు కూడా విప్పకుండా గడప అవతలే నిలబడింది.

"వదినా, కువైట్‌లో ఆయన ఉండే రూము అడ్రసు నీకు తెలుసు. ఇస్తావా, ఇయ్యవా? ఇయ్యకపోతే ఇయ్యనని చెప్పు, పోతా."

ఆ అమ్మాయి అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నేను పెళ్లయి గుంతకల్లుకు వచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే టైలరు దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాం. మా ఆయన రైల్వే డ్యూటీకి పోతే నాకు పొద్దు గడిచేది కాదు. తనతో మాట్లాడటం కోసమే ముందుగా వెళ్లి కూర్చునేదాన్ని. మా తమ్ముడికి ఈ పిల్లే కావాలని పట్టుబట్టి సంబంధం కలిపింది నేనే.

పెళ్లయిన ఏడాదికి తమ్ముడు డ్రైవరు పనికి కువైట్ పోయాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత వారానికొకసారి. ఆ తర్వాత ఆమె చేస్తే ఎత్తడం మానేశాడు. కడప వైపు నుంచి వచ్చి అక్కడ ఇళ్లలో పని చేసే ఒకామెతో కలిసి ఉంటున్నానని మా అమ్మకు తనే చెప్పాడు. అమ్మ నాకు చెప్పి, "దేశం కాని దేశంలో ఒంటిగాడు, ఏం చేస్తాడు? ఈ మాట ఆ పిల్ల చెవిన పడనియ్యొద్దు" అంది. అయినా పడింది. ఆమె బట్టలు సర్దుకుని మా పుట్టింటి ఊరి నుంచి గుంతకల్లులో వాళ్లమ్మ దగ్గరికి వచ్చేసింది. కొన్నాళ్లకు ఇక్కడి కోర్టులోనే విడాకుల కేసు వేసింది.

కేసు వేస్తే సరిపోదట. అవతలి మనిషికి కోర్టు కాగితం, అంటే సమన్లు, అందాలి. అందినట్టు రుజువు కావాలి. ఆ మనిషి పరాయి దేశంలో ఉంటే కాగితాలన్నీ అరబ్బీలోకి రాయించి ఢిల్లీకి పంపాలి. అక్కడి నుంచి కువైట్ వాళ్లకు పోతే, వాళ్ల మనిషి వెళ్లి ఇవ్వాలి. అడ్రసులో ఒక్క ముక్క తప్పినా అంత దూరం పోయింది పోయినట్టే తిరిగొస్తుంది.

అడ్రసు నా దగ్గర ఉంది. మా వైపు నుంచి ఎవరు కువైట్ పోతున్నా తమ్ముడికి వేరుశనగ పొడి, చింతకాయ తొక్కు కట్టి పంపేదాన్ని. లేచి లోపలికి వెళ్లి క్యాలెండరు వెనకాల రాసుకున్నది చూసి, వేరే కాగితం మీద ఎక్కించి తెచ్చి ఇచ్చాను. మరదలు దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. "వస్తా వదినా" అని మాత్రం అంది.

నెలలు గడిచాయి. ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఎవరో కోర్టు కాగితాలు పట్టుకోని రూముకాడికి వచ్చినారంట. నేను డ్యూటీలో ఉండా. నా అడ్రసు ఎవరిచ్చినారు వాండ్లకు?"

"నాకేం తెలుసు రా" అన్నాను.

"సరే, రూము మారతాండా. కొత్త అడ్రసు ఎవ్వురికీ చెప్పను. నీకు కూడా వద్దులే, నిన్ను అడిగి సతాయిస్తారు."

సమన్లు తిరిగొచ్చాయి, అక్కడ ఆ మనిషి లేడని. రెండోసారి అతని కంపెనీ అడ్రసుకు పంపారు. పని మానేశాడని అవీ వచ్చాయి. ప్రతి వాయిదాకు మరదలు కుట్టు పని ఆపుకుని కోర్టుకు పోయి, సాయంత్రం దాకా కూర్చుని వచ్చేది. బజారులో ఎదురుపడితే ఇద్దరం నవ్వేవాళ్లం. ఆ నవ్వుతోనే ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం.

మధ్యలో ఒకసారి తమ్ముడు ఊరికి వచ్చిపోయాడు కూడా. ఆ కబురెట్లాగో తెలిసి, సమన్లు ఇచ్చే కోర్టు అమీనా మా ఊరికి వెళ్తే వీధి వీధంతా ఒకటే మాట చెప్పింది: "ఎవ్వురూ రాల్యా అప్పా." తమ్ముడు అప్పుడు మా గొర్రెల దొడ్లో కూర్చుని ఉన్నాడట. అమ్మ ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

పోయిన వేసవిలో అమ్మకు ఎడమ కంటికి పొర తీయించాలన్నారు. ఆపరేషన్‌కు తమ్ముడు వస్తున్నాడు. బెంగళూరులో దిగితే తెలిసినవాళ్లు చూస్తారని బొంబాయిలో దిగి రైల్లో గుంతకల్లు రావాలని వాళ్ల ఆలోచన. అమ్మ నాకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నువ్వు టేషన్‌కు పోయి ఇంటికి పిలుచుకోని పో. ఇంత అన్నం పెట్టి ఆటో ఎక్కించి పంపు. ఊర్లోకొచ్చి పడితే మాకు భయం లేదు. ఆ పిల్లకు మాత్రం తెలీనియ్యొద్దు."

రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మా ఆయనకు చెప్పాను.

"ఏమ్మే, వాడు నీ తమ్ముడు. ఒకసారి చెప్పినాంక ఎనక్కి తీసుకునేది ఉండదు. మీ అమ్మ ఏమంటాదో అది గూడా ఆలోచించుకో. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నేనైతే నిన్నేమీ అనను."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఆ మధ్యాహ్నమే మరదలి దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను వాళ్ల వకీలమ్మ ఇంటికి తీసుకువెళ్లింది. వకీలమ్మ అంతా విని, పేపర్లో ప్రకటన వేయించి తీర్పు తెచ్చుకునే దారి కూడా ఉందని చెప్పింది.

"కానీ రేపు ఆయన వచ్చి నాకు తెలియనే తెలియదంటే కేసు మళ్లీ మొదటికొస్తుంది. ఈ అమ్మాయి ఇంకొకరిని చేసుకున్నాక అట్లా జరిగితే కష్టం. చేతికిస్తే ఆ బాధ ఉండదు. కోర్టు అమీనా ఆయన్ను చూడలేదు. పెళ్లి ఫోటోలో సన్నగా ఉన్నాడు. ఇప్పుడెట్లుంటాడో తెలియదు. ఈమె వస్తే దూరం నుంచే చూసి తప్పించుకుంటాడు. మీరు చూపిస్తారా?"

"చూపిస్తే చాలా?"

"చాలదు. ఫలానా ఆమె గుర్తుపట్టి చూపించిందని మీ పేరు రాసి, మీతో సంతకం తీసుకుంటారు. ఆ కాగితం కోర్టులో ఉంటుంది. మీ తమ్ముడు చూస్తాడు."

మరదలు నా వైపు చూడకుండా గోడ మీది గడియారం చూస్తూ కూర్చుంది. నేను సరేనన్నాను.

రైలు మధ్యాహ్నం రావాలి, ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం రేకుల కింద గాలి కాలిపోతోంది. అమీనా నడివయసు మనిషి, చంకలో గుడ్డసంచి. టీ కొట్టు పక్కన నిలబడి, నేను భయపడుతున్నానని కనిపెట్టినట్టున్నాడు.

"మేమేం పట్టుకోని పోయేది లేదమ్మా. చేతికిచ్చేదే. ఆయన దిగినాంక మీరు దగ్గరికి పోయి పేరు పెట్టి పిలవండి. మిగతాది నేను చూసుకుంటా."

పేరు పెట్టి పిలిస్తే చాలు, అప్పటికి తమ్ముడికి నా మీద అనుమానం రాదని, ఆ ఒక్క మాటే మనసులో పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు చూశాను, మెట్ల మీద నుంచి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి వస్తోంది మా అమ్మ.

"నువ్వేంటికొచ్చినావుమా ఈ ఎండలో?"

"ఇంటికాడ ఉండబుద్ధి కాల్యా. ఉన్న ఒక కంటితోనైనా వాన్ని నేనే ముందు చూడల్ల."

వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. నా అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. అమ్మ కొంగుతో తుడిచింది. కాసేపటికి టీ కొట్టు వైపు మెడ సాచి చూసింది.

"ఆ సంచి మనిషి ఏంటికి మనల్నే చూస్తాండాడు?"

"రైలు కోసం చూస్తాండాడులేమ్మా."

ఇంటికి వెళ్లిపోదామని లేచాను కూడా. అప్పుడే రైలు వస్తోందని మైకులో చెప్పారు. మళ్లీ కూర్చున్నాను.

తమ్ముడు రెండు పెట్టెలతో దిగాడు. గడ్డం పెంచాడు, ఒళ్లు చేశాడు, నెత్తిన టోపీ. దారిలో ఎదురుపడితే నేనే ఒక్క క్షణం ఆగి చూసేదాన్ని. అమ్మ వాడి మొహాన్ని రెండు చేతులతో తడిమి ఏడ్చింది. వాడు నన్ను చూసి, "ఏమక్కా, ఇంత చిక్కిపోయినావు?" అన్నాడు.

అమీనా నా వైపే చూస్తున్నాడు. నేను పేరు పెట్టి పిలవాలి. పిలవలేదు.

"పదండి పదండి, ఈడ నిలబడొద్దు" అని అమ్మ తొందరపెట్టింది. వాడు పెట్టెలు పట్టుకుని నడిచాడు. అమ్మ వెనక, నేను అమ్మ వెనక. సంచి మనిషి మా వెనక వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మెట్లెక్కితే బయట ఆటోలు. ఆటో ఎక్కితే ఊరు. ఊరికి పోతే గొర్రెల దొడ్డి.

మెట్ల మొదట్లో, ఏదో కుశలానికి పిలిచినట్టు పేరు పెట్టి పిలవడం నా వల్ల కాదని నాకు తెలిసిపోయింది. "తమ్ముడూ, ఆగు" అన్నాను. వాడు తిరిగాడు. వాడి ముందరే అమీనాకు చెప్పాను, "ఈయనే సార్. మా తమ్ముడు."

అమీనా ముందుకొచ్చి వాడి పేరు, నాయన పేరు చదివి, కాగితాల కట్ట చాచాడు. "కోర్టు సమన్లు. తీసుకోండి."

తమ్ముడు చేతులు వెనక్కి లాక్కున్నాడు. పెట్టె ఒకటి కింద పడింది. "ఏందక్కా ఇది?"

అమ్మకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక వాణ్ణి కాదు, నన్ను చూసింది. "నువ్వా?" అంది. అంతే.

"నేను తీసుకోను" అన్నాడు తమ్ముడు.

"తీసుకోకపోతే తీసుకోల్యా అని రాసుకుంటా. సాక్షి ఉండాది. కాగితం మీ ముందర పెట్టి పోతా. అయినా అందినట్టే" అన్నాడు అమీనా, గొంతు పెంచకుండా.

దిగినవాళ్లు నిలబడి చూస్తున్నారు. దూరంగా రైల్వే పోలీసు ఒకతను ఇటు తిరిగాడు. తమ్ముడు మెట్ల వైపు చూశాడు. పరిగెత్తుతాడేమో అనుకున్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నీతో కాపురం చేస్తానని రాసిందనుకుంటాండావా దాంట్లో? విడిచిపెట్టమంటాండాది రా. ఆ ఒక్క మాట చెప్పేదానికి ఎన్ని రూములు మారతావు? గొర్రెల దొడ్లో ఎన్నిసార్లు కూర్చుంటావు?"

వాడు అమీనాను చూశాడు. గొంతు తగ్గించి, చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చినప్పటి మొహంతో అడిగాడు:

"ఇది తీసుకుంటే పాస్‌పోర్టు పెరుక్కుంటారా? ఎనక్కి పోనియ్యరంట గదా?"

"ఎవరప్పా చెప్పింది నీకు?"

"రూములో అందరూ అంటారు. కోర్టు కాగితం పట్టుకుంటే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారని."

"ఇది విడాకుల కేసు. పాస్‌పోర్టుతో దీనికేం పని? వాయిదాకు వకీలును పెట్టుకో, నీ మాట చెప్పుకో. అంతే."

ఇన్నేళ్లూ వాడు భార్యకు మొహం చాటేస్తున్నాడని అనుకున్నాను. అది నిజమే. కానీ ఒక కాగితానికి ఇంత భయపడుతున్నాడని నాకు తెలియదు. అక్కడ వాడికి సరైన మాట చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడ మేమూ చెప్పలేదు, దాచడమే చేశాం.

పెట్టె మీద కాగితం పెట్టుకుని వాడు సంతకం చేశాడు. దాని కింద నేను చేశాను. నా పేరులో ఒక అక్షరం మీద ఇంకొకటి పడింది. అమీనా అది చాలన్నాడు.

వాళ్లు మా ఇంటికి రాలేదు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి ఆటోలో వెళ్లిపోయింది. వాడి కోసం చేసిన రాగి సంకటి, కోడికూర మా ఆయన, నేను మాట్లాడుకోకుండా తిన్నాం.

తిరిగి పోయేలోగా తమ్ముడు వకీలును పెట్టుకున్నాడు. విడాకులకు ఒప్పుకుంటానని రాసిచ్చాడు. చివరి వాయిదాకు కువైట్ నుంచే కోర్టు తెర మీద కనిపించి జడ్జి అడిగినదానికి జవాబు చెప్పాడట. తీర్పు వచ్చిన రోజు మరదలు మా ఇంటికి వచ్చింది. ఈసారి చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. నాకు దండాలేమీ పెట్టలేదు, నాకూ అది నచ్చింది. కుట్టు మిషను కొత్తది కొనాలనుకుంటున్నానని, ఏది బాగుంటుందని అడిగింది. టీ తాగుతూ చాలాసేపు మిషన్ల గురించే మాట్లాడుకున్నాం.

తమ్ముడు నాకు ఫోన్ చేయడం లేదు. నేను చేస్తే ఎత్తుతాడు. ఆరోగ్యం అడుగుతాడు, పెట్టేస్తాడు.

అమ్మ ఎడమ కంటి ఆపరేషన్‌కు నన్ను పిలవలేదు. కుడి కంటికి చేయించే నాటికి తమ్ముడు లేడు. తోడు ఉండేది నేనొక్కదాన్నే. పట్టీ విప్పాక మా ఇంటికే తీసుకొచ్చాను. ఒకరోజు పొద్దున మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి ఒక మందు చుక్క వేశాక, కళ్లు మూసుకునే అంది:

"నువ్వు చేసింది తప్పని నేననను. ఆ పిల్ల ఉసురు మనకొద్దు. కానీ నా ముందర చేసినావు చూడు, అదీ."

ఆమె వెనకాల చేసి ఉంటే తేలికగా ఉండేదా అని అడగాలనిపించింది. చెంప మీదికి జారిన చుక్కను దూదితో తుడిచి, "కదలొద్దుమా, ఇంకొకటి వేయల్ల" అన్నాను. అమ్మ కదలకుండా పడుకుంది.