ఓటి పాత్రల శేషగిరిరావు

శేషగిరిరావుకు ఉన్నది ఒక్కటే జబ్బు. నీళ్ళు కారే పాత్ర ఎక్కడ కనబడినా దానిలో మన్ను నింపి సాంబారు ఉల్లి నాటేవాడు. తిరువూరు బజారులో బట్టల కొట్టు ఉన్న మనిషి, నలుగురూ నమస్కారం పెట్టే వర్తకుడు, ఇలా ఎందుకు తయారయ్యాడో ఆ రోజుల్లో ఎవరికీ అంతుబట్టలేదు. పక్కింట్లో కాపురమున్న పాపానికి ఆ జబ్బు బరువంతా నేను మోశాను. మా రెండిళ్ళ నడుమ సందులో మనిషి నడిచే చోటు లేకుండా కుండలు పేర్చాడని పంచాయతీకి నేను పెట్టిన అర్జీల నకళ్ళు, ఆ అర్జీలకు జవాబు రాలేదని రాసిన అర్జీల నకళ్ళు, అన్నీ తేదీల వరుసన నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. అనుమానమున్నవారు వచ్చి చూసుకోవచ్చు. మళ్ళీ చదివే ఓపిక నాకైతే లేదు.

ఎవరింటికి వెళ్ళినా అతడి చూపు ముందు మనుషుల మీద కాక పాత్రల మీద పడేది. మా స్నానాల రాగి కాగు ముందు ఎన్నిసార్లు గొంతుక్కూర్చున్నాడో లెక్కలేదు.

“మాస్టారూ, ఇది ఓటిదేనా అండీ?”

“కాదయ్యా.”

“అడుగున చెమ్మగా ఉందేం?”

“ఇప్పుడే నీళ్ళు పోశారు కాబట్టి.”

“పోన్లెండి, ఎప్పటికైనా కారకపోదు. ఆ రోజు మాత్రం నన్ను మర్చిపోకండి.”

మా వీధిలోని అంకారావుగారి తండ్రి కాలం చేసినప్పుడు పరామర్శకు ఇద్దరం కలిసే వెళ్ళాము. శేషగిరిరావు కళ్ళు తుడుచుకున్నాడు, మహానుభావుడన్నాడు, ఇటువంటి మనిషి మళ్ళీ పుట్టడన్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించి, “పెద్దాయన గంగాళానికి చిల్లు పడిందని విన్నాను...” అన్నాడు. అంకారావుగారు ఏడుపు ఆపి రెండు చేతులూ జోడించారు. “తీసుకుపో బాబూ, నీకు పుణ్యముంటుంది.” ఆ గంగాళాన్ని బజారు వెంట నెత్తిన పెట్టుకొని వస్తున్న అతడి పక్కన నేను నడవవలసి వచ్చింది.

మొదటి ఏడాది విత్తనంతో ఆరంభించాడు. నల్లని గింజలు చల్లితే వెంట్రుకల వంటి మొలకలు లేచాయి. మా ఆవిడ సరోజినీదేవి సందు శుభ్రం చేస్తూ వాటిని గడ్డి అనుకొని పీకి పారేసింది. శేషగిరిరావు కోప్పడలేదు, అరుగు మీద కూర్చొని నాకు పాఠం చెప్పాడు. బడిలో అన్నేళ్ళు పాఠాలు చెప్పి అలసిపోయిన నాకు!

“విత్తనంతో ఆలస్యమండీ. పాయ నాటితే పాయ చుట్టూ గుత్తి కడుతుంది. మొన పైకుండాలి, మెడ దాకా పాతకూడదు, నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే కుళ్ళిపోతుంది. అందుకే ఓటి పాత్ర కావాలనేది!”

నాటిన పాయలను కాకులు పీకేవి. కాకులను తోలడానికి అతడు కొట్టు వదిలి గొడుగుతో సందులో నిలబడేవాడు. “బేరాలు పోతాయి కదయ్యా?” అంటే, “చీరలను కాకులు ఎత్తుకుపోవు కదండీ” అనేవాడు. ఆకులు పండుబారితే నీళ్ళు ఆపి, తవ్వి, నీడన ఆరబెట్టి, గుత్తులుగా చూరుకు కట్టేవాడు. పెళ్ళివారి తోరణాలు కూడా అంత ఒద్దికగా ఉండవు.

ఇంతకూ వింతేమిటంటే, వాళ్ళ కులస్థుల ఇళ్ళలో ఉల్లి గడప తొక్కదు. ఇంట్లో ఉన్నది శేషగిరిరావు, అక్కగారు గోవిందమ్మ, ఇద్దరే. ఆవిడ మద్రాసులో కాపురం చేసి, భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. భర్త పోయిన ఆడది ఉల్లి తాకితే ఆ రోజుల్లో ఊరంతా గుప్పుమనేది. “నేను బెజవాడ హోటళ్ళలో సాంబారు మరిగాను. నా కుంపటి వేరు, నా వంట నేనే చేసుకుంటాను” అని శేషగిరిరావు అడిగినవాడికీ అడగనివాడికీ చాటి, పెరటి తలుపు మూసుకొనేవాడు. గోడ దాటి వచ్చే ఘుమఘుమతో మా ఇంట్లో నా భోజనం చప్పబడేది.

ఒకనాడు రెడ్డిగూడెం నుంచి గోవిందమ్మ భర్తకు అన్నగారు భాస్కరరావు బండి కట్టించుకొని దిగాడు. మిల్లు యజమాని, ఆచారం పేరు చెబితే కత్తి దూసే మనిషి. పెద్దమనిషిగా నన్ను కూడా పిలిపించాడు.

“మా మరదలు ఉల్లి తింటోందని చెప్పుకుంటున్నారు. నిజమైతే ఇప్పుడే బండెక్కించుకుపోతా. మా కళ్ళ ముందే పడి ఉంటుంది.”

గోవిందమ్మ గుమ్మం వెనక తల వంచుకొని నిలబడింది. భాస్కరరావుగారి ఉమ్మడి కుటుంబం వంటగదిలోకి వెళ్ళిన ఆడదానికి మళ్ళీ ఎండ పొడ తగలదని అందరికీ తెలుసు.

“తినేది నేనే బావగారూ,” అన్నాడు శేషగిరిరావు.

“గంపలకొద్దీ పండిస్తున్నావట. ఒక్కడివే తింటావా?”

“నాకు గంపలే కావాలండీ. పొద్దున్నే పచ్చివి నాలుగు పడందే నోరు పెగలదు.”

“అట్లాగా? ఏదీ, తిను. చూస్తాను.”

శేషగిరిరావు చూరు నుంచి పాయ ఒకటి తెంపాడు. మట్టి దులిపాడు. పొట్టుతో సహా నోట్లో వేసుకొని కరకర నమిలాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

“ఎట్లా ఉంది?”

“అ... అమృతమండీ.”

“ఇంకోటి తిను.”

రెండవది కూడా పొట్టుతోనే పోయింది. భాస్కరరావు తప్పు పట్టలేదు. పుట్టి బుద్ధెరిగి ఉల్లి తిననివాడు, అతడికి మాత్రం ఏం తెలుసు? మా ఇంట్లో ఉల్లి లేనిదే పొయ్యి వెలగదు కనుక, ఆ వాకిట్లో సంగతి అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. నా విసుగంతా ఎటు పోయిందో తెలియదు.

భాస్కరరావు నా వైపు తిరిగాడు. “ఏమండీ మాస్టారూ, వీడు రోజూ ఇట్లాగే తింటాడా?”

“ఇది నయమండీ,” అన్నాను. “వీడి ఉల్లి కుండల మీద అర్జీలు పెట్టీ పెట్టీ నా చేతులు పడిపోయాయి. నకళ్ళు తెమ్మంటారా? మొదటి నుంచీ చదివి వినిపిస్తాను.”

“అక్కర్లేదు లెండి!” అంటూ భాస్కరరావు లేచాడు. “ఛీ ఛీ, వీడి నోటి కంపుకు తోడు చదువొకటా!” ముక్కుకు ఉత్తరీయం అడ్డుపెట్టుకొని బండెక్కాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఉత్తరీయం దించలేదు.

బండి కనుమరుగైన మరుక్షణం శేషగిరిరావు పెరట్లోకి పరుగెత్తి, నోట్లో మిగిలినదంతా ఉమ్మేశాడు. గోవిందమ్మ బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు పట్టుకొని వెనకే వెళ్ళింది, ఆవిడ వెనక నేను.

“ఇంత ఘోరాన్ని ఎట్లా తింటావే అక్కయ్యా!”

“పొట్టు తీసి తింటార్రా, వెర్రి నాగన్నా!”

శేషగిరిరావు బెల్లం నమలడం ఆపి ఆవిడ వైపు చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

“ఇన్నాళ్ళ నుంచీ పక్కనే ఉన్నారు. మీరైనా చెప్పొద్దా మాస్టారూ?”