చల్లని చోట ఉంచవలసిన బావగారు

రెండువేల పద్నాలుగవ సంవత్సరం ఆగస్టు పదకొండవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు, సన్నని తుంపర పడుతూ గాలి మాత్రం బొత్తిగా స్తంభించి ఉన్న వేళ, ఆ అమ్మాయి ఒక ఆర్కిటెక్టుగారి కార్యాలయంలో తన గురువునూ, ఆయన బావగారినీ ఏకకాలంలో కలుసుకుంది. గురువుగారికి అరవై దాటాయి. బావగారు అట్టముక్క.

ఆమెను కాలేజీలో అందరూ కొలబద్ద అనేవారు. సన్నగా, నిటారుగా ఉండడం ఒక కారణం, ఎవరేమి చెప్పినా “ఎంత?” అని అడగడం రెండో కారణం. ఉద్యోగం కోసం వచ్చిన ఆ పూట, ఆమె తడవకుండా చంకన దాచి తెచ్చిన పటాలను పెద్దాయన బల్లమీద పరిచాడు. పొగడనూ లేదు, తెగడనూ లేదు. సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి, అందులోని గోరంత అట్టమనిషిని రెండు వేళ్లతో పట్టి, ఆమె గీసిన ఇంటి ముందుగదిలో నిలబెట్టాడు.

“ఈయన మా బావగారు. మీ ఇంటికొచ్చారు. ఎక్కడ కూర్చోబెడతావమ్మా?”

ఆమె తేరిపార చూసింది. గదికి నాలుగు వైపులా తలుపులే. గోడకు ఆనించి ఒక్క కుర్చీ వేయడానికి చోటు లేదు.

“నిలబెట్టే మాట్లాడి పంపించేస్తానండి.”

పెద్దాయన పొట్ట కదిలేలా నవ్వాడు. “అలా పంపిస్తే మా అక్కయ్య ఊరుకుంటుందా? కూర్చోబెట్టడం నేర్చుకుందువుగాని, రేపట్నుంచి రా.”

ఆ కార్యాలయపు ఆచారమే అది. ఏ పటమైనా, ఏ నమూనా అయినా బావగారికి మర్యాద జరిగితేగాని గడప దాటదు. నూరోవంతు నమూనాలకు చిన్న బావగారు, యాభయ్యోవంతు నమూనాలకు ఆయనకు రెండింతలుండే పెద్ద బావగారు. చెరొక అగ్గిపెట్టె నివాసం.

తరువాత రెండేళ్లపాటు కొలబద్దకు దక్కినవి మరుగుదొడ్లు. ఎవరి భవనమైనా సరే, గొట్టం ఎక్కడ దిగాలి, పలకలు ఎక్కడ తెగాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నవి ఆమె పాలు. ఇంట్లో కుట్టుమిషను మీదినుంచి తల ఎత్తకుండానే తల్లి దెప్పేది.

“ఇంత చదువూ చదివింది దీనికేనటే?”

“ఎంత గొప్ప భవనమైనా, అమ్మా, అందరూ ఏదో ఒక వేళకి అక్కడికి రావలసినవాళ్లే.”

“నోటికేం తక్కువ లేదు!”

మాటకు తగ్గట్టే చేతికీ పదును వచ్చింది. ఇరుకు చోటులో మనిషి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో, మోకాలు ఎక్కడికి వస్తుందో ఆమెకు కరతలామలకమైంది. ఆ సంగతి కనిపెట్టిన పెద్దాయన మూడో ఏట ఒక నాడు పిలిచి, ఒక చిన్న ఆసుపత్రి పని ఆమె ముందు పెట్టాడు. రోగులు వేచి ఉండే గదే అందులో ప్రధానం.

“నువ్వొకటి చెయ్యి, నీడలన్నయ్య ఒకటి చేస్తాడు. డాక్టరమ్మకు నీది నచ్చితే పునాది నుంచి తాళంచెవి దాకా పని నీదే. నచ్చకపోతే...”

“తెలుసండి. మరుగుదొడ్లు.”

నీడలన్నయ్య ఆ కార్యాలయంలో ఆమెకన్నా ఎనిమిదేళ్లు ముందు చేరినవాడు. అతను నీడలు దిద్దితే గొడ్లసావిడి కూడా రాజసౌధంలా కనిపించేది. కొలబద్ద భయపడలేదు. కుర్చీలు వరసలుగా పేర్చక గోడల వెంబడి వంకీలు తిప్పింది. కూర్చున్నవారికి వీధి కనిపించేటట్టు కిటికీ గట్టును మోకాలికి కాస్త పైన నిలిపింది. జబ్బుతో వచ్చిన మనిషికి ఎదుటి జబ్బుమనిషి ముఖం కాక, పోయే వచ్చే లోకం కనబడాలని ఆమె పట్టుదల.

చూపించవలసిన రోజు వచ్చింది. డాక్టరమ్మ పాత అద్దె ఆసుపత్రిలో, మందుల నమూనాల గుట్టను పక్కకు నెట్టి బల్లమీద చోటు చేశారు. నీడలన్నయ్య పటం చూసి ఆవిడ “బాగానే ఉంది” అంది. కొలబద్ద తన నమూనా మూత తీసి, జేబులోని అగ్గిపెట్టె తెరిచి, బావగారిని గదిలో నిలబెట్టింది.

“అబ్బ! ఎంత పెద్ద హాలండీ!” డాక్టరమ్మ ముఖం విప్పారింది. “ఇదే కట్టేద్దాం.”

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. కొలబద్ద మాత్రం నమూనాలోకి వంగి చూస్తూ ఉండిపోయింది. మోకాలి మీదికి రావలసిన కిటికీ గట్టు బావగారి ఛాతీని తాకుతోంది. హడావుడిలో తీసుకొచ్చింది చిన్న బావగారిని! యాభయ్యోవంతు గదిలో నూరోవంతు మనిషి నిలబడితే ఏ గదైనా సభామండపమే. ఒప్పుకోలు చెవులారా వింది; ఊరుకుంటే పని చేతికి వచ్చినట్టే. అయితే కట్టిన తరువాత ఆ గదిలో కూర్చునేది అట్టమనిషి కాదు.

“ఒక్క నిమిషమండీ. కత్తెర ఉందా?”

బల్లమీది ఖాళీ మందుడబ్బా ఒకటి చించి, కళ్లతోనే కొలుచుకొని మనిషిని కత్తిరించి, చిన్న బావగారిని తీసేసి, ఆ చోట ఈ కొత్త మనిషిని నిలబెట్టింది. అతని పొట్టమీద “చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను” అన్న అచ్చు అక్షరాలు నిలువునా దిగివచ్చాయి.

“అయ్యో, హాలు సగమైపోయిందేమిటి?”

“హాలు ఎప్పుడూ అంతేనండి. ఇందాక మా బావగారు సగమయ్యారు. తప్పు నాది, పెట్టె మారిపోయింది.”

పెద్దాయన నుదుటిమీది కళ్లద్దాలు దించి చూశాడు. “నేనూ మెచ్చుకుంటూ కూర్చున్నాను చూడు!”

“మరి ఇరుకు కాదూ?” డాక్టరమ్మ గొంతులో ఉత్సాహం చల్లబడింది.

“కాదండి. రేపు పొద్దున మీ స్థలంలో గది గదంతా సుద్దతో గీస్తాను. కుర్చీలు వేయించండి. కూర్చుని చూసి చెప్పండి.”

బయటికి వచ్చాక పెద్దాయన అన్నాడు: “నోరు జారావో, నెగ్గావో రేపు తేలుతుంది. ఇరుకనిపిస్తే ఇక నేనూ ఏం చెయ్యలేనమ్మా.”

“అనిపించదండి.”

మర్నాటి ఎండ వెచ్చగా ఉంది. పాత ఆసుపత్రికి ఎదురుగా, వీధికి అవతలున్న ఖాళీ స్థలంలో ఆమె దారం లాగి, సుద్దపొడితో గోడలు గీసి, కిటికీ ఎత్తున ఒక తాడు కట్టించింది. డాక్టరమ్మ తన రోగులనే అక్కడికి తరలించింది: ఊతకర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ, బిడ్డను భుజాన వేసుకున్న తండ్రి, మరికొందరు. లేని గోడలను దాటకుండా వాళ్లు గుమ్మంలోంచే వచ్చి కూర్చోవడం చూసి పెద్దాయనకు ముచ్చటేసింది.

లోపలిగది తలుపుకు బదులు ఒక చెక్క పట్టుకొని కొలబద్ద తిప్పింది. అది సరాసరి బిడ్డ తండ్రి మోకాలికి కొట్టుకుంది.

“మోకాలు నొప్పికి రాలేదమ్మా నేను!” అన్నాడాయన. అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు.

కొలబద్ద తొణకలేదు. తలుపులతో ఆమెకు రెండేళ్ల చుట్టరికం. పాదంతో గీతను చెరిపి, తలుపు బందులను రెండో అంచుకు మార్చి గీసింది. చెక్క ఈసారి ఖాళీ గోడవైపు తిరిగి, ఎవరినీ తాకకుండా ఒదిగింది.

“ఇప్పుడు మీరు కూర్చోండి,” అంది డాక్టరమ్మతో.

ఆవిడ ముసలమ్మ పక్కన కూర్చుంది. తాడు మీదుగా వీధి కనిపిస్తోంది: సైకిలు గొలుసు ఎక్కించుకుంటున్న వాడొకడు, గొడుగు బాగుచేయించుకుంటున్న ఆవిడొకతె. ముసలమ్మ కర్రను ఒళ్లో పెట్టుకొని, “ఆ గొడుగు బాగుపడదు, చూస్తూ ఉండు,” అంది. ఇద్దరూ ఆ వివాదంలో పడ్డారు. కాసేపటికి నర్సు పరుగున వచ్చింది.

“మేడమ్, అక్కడ ఫోను మోగుతోంది.”

“ఉండవే అమ్మా, నా వంతు ఇంకా రాలేదు,” అంది డాక్టరమ్మ, వీధి మీదినుంచి చూపు మరల్చకుండానే.

పెద్దాయన కొలబద్ద వైపు చూసి, తన జేబులోని సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు.

ఆసుపత్రి మరుసటి ఏడు వేసవికి పూర్తయింది. గది గీసినంతే ఉంది, తలుపు గోడవైపే తెరుచుకుంటుంది. పని పునాది నుంచి తాళంచెవి దాకా కొలబద్దే చేయించింది. నీడలన్నయ్య ఒక కళాశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాడు. తల్లి ఇప్పటికీ కుడుతూనే ఉంది, దెప్పడమూ మానలేదు. పెద్దాయన రోజు విడిచి రోజు కార్యాలయానికి వస్తాడు. చిన్న బావగారు ఒకనాడు గది ఊడ్చినప్పుడు చెత్తలో పోయారు. మందుడబ్బా బావగారు కొలబద్ద బల్లమీద, కిటికీ పక్క నీడలో ఉన్నారు. ఉద్యోగానికి వచ్చే కొత్తవారిని మొదట ఆయనే పలకరిస్తారు.