నేను పెట్టిన దయ్యం

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో ఏదో కథ పెట్టుకుని, ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, రెండోది వాళ్ళమ్మ చెవిలో దోపి, ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నారు. నేను పేపరు ముఖం మీద కప్పుకుని కునుకు తీయబోతున్నాను. కాసేపటికి మా ఆవిడ నవ్వు వినిపించింది. అది కథ విని నవ్వే నవ్వు కాదు, నా తప్పు ఏదైనా పట్టుకున్నప్పుడు నవ్వే నవ్వు. పేపరు తీసి చూస్తే ఆమె చూపు నా మీదే ఉంది. అమ్మాయి నాక్కూడా వినిపించింది. ఎవరో కుర్రవాడు గొంతు బొంగురు చేసుకుని చెబుతున్నాడు, ఆర్మూర్‌లో ఒక ఇల్లుండేదట, దానికి ఆకుపచ్చ తలుపట, గడప దాటి పసుపు అంటిన ఆడవాళ్ళ అడుగులు లోపలికి వెళ్ళేవట, బయటికి వచ్చిన అడుగు మాత్రం ఒక్కటి కూడా ఎవరూ చూడలేదట, ఇది కల్పన కాదట, నిజంగా జరిగిందట. "నాన్నా, గిది మన ఆర్మూర్ల అయిందంట, నీకు ఎర్కనా?" అని అడిగింది అమ్మాయి. ఆ పిల్ల పుట్టింది ఆ ఇంట్లోనే.

నాకు ఎరుకే. ఆ దయ్యాన్ని ఆ ఇంట్లో పెట్టింది నేనే. కానీ చెప్పులు వేసుకుని ఏదో పని ఉన్నవాడిలా బజారుకు వెళ్ళిపోయాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మన ఊళ్ళలో అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు ఇంకా ఒకటీ అరా మిగిలి ఉండేవి. మా ఊళ్ళో బస్టాండుకు దగ్గర్లో, చెప్పులు కుట్టే డబ్బా పక్కన ఒకటి ఉండేది. ముందు వరుసలో పోటీ పరీక్షల పుస్తకాలు, వెనక గుడ్డతెర చాటున దయ్యాల నవలలు. అట్ట మీద 'పెద్దలకు మాత్రమే' అని ఎర్రటి అక్షరాలు, జుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషి, ఏ కథకైనా ఆమె వెనక అదే పాడుబడిన మేడ. బడిపంతులు, బ్యాంకు ఆయన, దవాఖానలో నర్సమ్మ, అందరూ ఆ తెర దగ్గర ఒకరినొకరు చూడనట్టే నిలబడి, పుస్తకాన్ని దినపత్రికలో చుట్టుకుని చంకలో పెట్టుకుని పోయేవారు. భయపడడానికి కూడా అప్పట్లో మనకు సిగ్గే.

నేను వాటిని చదివి చదివి, ఇంతకన్నా బాగా నేనే భయపెట్టగలననే పొగరుతో రాయడం మొదలుపెట్టాను. నా ఉద్యోగమేమో పంటను కమీషనుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో దడ్వాయి పని, అంటే వేల్పూర్ నుంచి, సిరికొండ నుంచి రైతులు తెచ్చిన పసుపు బస్తాలను కాంటా మీద పెట్టి తూకం చెప్పడం. కాంటా పట్టేవాడు కట్టుకథలు రాస్తాడని తెలిస్తే రేపటి నుంచి వాడి తూకాన్ని ఎవరు నమ్ముతారు? అందుకని కలం పేరు పెట్టుకున్నాను, ప్రచురణకర్త ఉత్తరాలు పోస్టాఫీసుకు వెళ్ళి నేనే తెచ్చుకునేవాణ్ణి, కట్టుకున్న ఆవిడకు కూడా చెప్పలేదు. మొదటి రెండు నవలలూ నా లెక్కన గొప్పవే గానీ ప్రచురణకర్త కంటికి ఆనలేదు. మీ మేడలన్నీ ఒకే మేడలా ఉంటున్నాయి, మీకు బాగా తెలిసిన ఇంటి గురించి రాయండి అని కార్డు రాశాడు. నాకు బాగా తెలిసిన ఇల్లు ఒకటే ఉంది, అది ఖాలా ఇల్లు.

పెళ్ళికి ముందు మూడేళ్ళు నేను ఆ ఇంటి ముందు వాటాలో అద్దెకున్నాను. ఖాలా భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు, ఉర్దూలో ఆ పిలుపుకు పిన్ని అని అర్థమైనా వాడకట్టులో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఖాలాయే. ముందు వాటా అద్దే ఆమెకు జీవనాధారం. ఇంటికి ఆనుకుని పసుపు పాలిష్ పట్టే షెడ్డు ఉండేది. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైతోలు రాలి నిగనిగలాడతాయి, ఆ రాలిన పొడి మాత్రం అక్కడ పనిచేసే ఆడవాళ్ళకు కనురెప్పల దాకా పట్టేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం వాళ్ళు దూపకు తాళలేక ఖాలా ఇంటికి వచ్చేవారు. రెండు వాటాలకూ కలిపి ఉన్న ఆ ఒక్క ఆకుపచ్చ తలుపు తీసే ఉండేది. చెమట కాళ్ళతో గడప దాటి, ముందు గది బండల మీదుగా పెరట్లోకి నడిచి, కుండలో నీళ్ళు తాగి, నల్లా కింద ముఖమూ కాళ్ళూ కడుక్కుని, కాసేపు నీడకు కూర్చుని వచ్చిన దారినే వెళ్ళిపోయేవారు. కడిగిన కాళ్ళ తడి ఆ ఎండకు నిమిషంలో ఆరిపోయేది. అందువల్ల ఆ బండల మీద పసుపు అడుగులు ఎప్పుడు చూసినా లోపలికే ఉండేవి. ఖాలా సాయంత్రం గొణుక్కుంటూ తుడిచేది, మర్నాడు కుండ నింపి మళ్ళీ తలుపు తీసిపెట్టేది.

నేను నవలలోకి ఆ అడుగులను తీసుకున్నాను, నల్లాను వదిలేశాను. నా కథలో కొత్త పెళ్ళికూతురు ఒకతె మధ్యాహ్నం పూట ఆ ఇంట్లోకి వస్తుంది, తలుపు దానంతట అదే మూసుకుంటుంది, ఎంత లాగినా రాదు, గోళ్ళు విరిగేదాకా గీరి అక్కడే పోతుంది. ఆ తర్వాత పసుపు కాళ్ళతో ఆ గడప దాటిన ఏ ఆడదీ బయటికి రాదు. ఇంటి యజమానిని బుర్రమీసాల భూస్వామిగా మార్చేశాను గనుక ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. తలుపు రంగు, పెచ్చు ఊడిన రెండో మెట్టు, వాకిట్లోంచి కనిపించే సిద్దుల గుట్ట నల్లరాళ్ళు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆ ఇల్లంటే నాకు నిజంగా ప్రేమ, ఆ ప్రేమే ఖాలా కొంప ముంచింది.

పుస్తకం సరిగ్గా ఎండాకాలంలో వచ్చింది. చదివినవాడెవడో ఆ గల్లీలో పోతూ తలుపులోంచి తొంగి చూశాడు. లోపలికి పోయే అడుగులున్నాయి, బయటికి వచ్చేవి లేవు. ఇంకేం కావాలి? ఏడాదిలో నాలుగు నెలలు మా ఊళ్ళో ఎవరి గడప చూసినా పసుపు అడుగులే ఉంటాయన్న సంగతి ఊరంతా ఒక్కసారిగా మరచిపోయింది. ముందు వాటాలో ఉంటున్న కొత్త జంట వారం తిరక్కుండా ఖాళీ చేశారు. తర్వాత వచ్చి చూసినవాళ్ళు గడప దగ్గరే ఆగి నేల వంక చూసి వెనుదిరిగారు. షెడ్డు ఆడవాళ్ళు నీళ్ళకు రావడం మానేశారు. రెండు నెలలు గడిచేసరికి బోధన్‌లో ఉన్న ఖాలా తమ్ముడు ఇల్లు అమ్మేసి వచ్చి మా దగ్గర ఉండిపో అని కబురు పెట్టసాగాడు. అక్కడికి పోతే చాయ్ కూడా మరదల్ని అడిగి తాగాలె అని ఆమె మా దుకాణం ముందు ఎవరితోనో అంటుంటే విన్నాను. కాంటా మీద బస్తా ఉంది, దాని తూకం తప్పు చెప్పి మళ్ళీ పెట్టించాను.

నేను రాశానని చెబితే నా కాంటా పోతుంది, చెప్పకపోతే ఆమె ఇల్లు పోతుంది. నవలలో పెళ్ళికూతుర్ని ఒక గదిలో పెట్టి తలుపు వేసినంత తేలిగ్గా నన్ను నేనే ఇరికించుకున్నాను. ఆ గల్లీ తప్పించి చుట్టుతిరిగి ఇంటికి పోయేవాణ్ణి. ఇంతలో ఖాలా నాకే కబురు పంపింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. తన ఇంటి గురించి ఆ కితాబులో ఏం రాశారో తెలుసుకోవాలని బస్టాండు దుకాణానికి వెళ్ళి తనే అద్దెకు తెచ్చుకుంది. ఇక చదివి చెప్పడానికి ఆమెకు తెలిసిన పుస్తకాల పురుగును నేనే.

మూడు మధ్యాహ్నాలు నేను ఆ ఇంట్లో కూర్చుని నా నవల ఆమెకు చదివి వినిపించాను. గల్లీలో వాళ్ళకు వినపడకూడదని తలుపు వేసింది. పక్కన డ్రమ్ము గడగడా తిరుగుతోంది, లోపల ఉక్క, నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మంచి శ్రోత దొరికితే రాసినవాడికి ఎంత సంతోషం, నాకేమో ప్రాణం పోతోంది. భయం పుట్టే చోట కాళ్ళు మంచం మీదికి ముడుచుకునేది, ఆగితే "ఆగకు, ఆగకు, జర జల్ది సదువు" అనేది. మూడోనాడు పెళ్ళికూతురు తలుపు దగ్గరికి చేరిన పుట వచ్చింది. గొళ్ళెం తీసినా తలుపు రాదు, కింద నేలకు పట్టేసి ఉంటుంది, కాలి బొటనవేలు కింద పెట్టి పైకి లేపితే తప్ప రాదన్న సంగతి ఆ పిల్లకు తెలియదు. ఆ వాక్యం సగంలో చదవడం ఆపేశాను. ఆ సంగతి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు తప్ప వేరే ఎవరికీ తెలియదు.

ఖాలా మంచం దిగింది. తలుపు దగ్గరికి నడిచి, గొళ్ళెం తీసి, బొటనవేలితో లేపి, తెరిచింది. ఎండ లోపలికి పడింది. "గిట్ల జర లేపితె వస్తది గద బేటా. మూడేండ్లు నువ్వు గిట్లనే తీస్తివి" అంది. నేను పుస్తకం మూసేశాను. ఆమె కోపగించుకుంటే ఓర్చుకునేవాణ్ణి. గడప మీద కూర్చుని షెడ్డు వైపు చూస్తూ, "నీళ్ళు ఇచ్చిన గద. గదొక్కటి ఎందుకు రాయకపోతివి?" అని మాత్రం అడిగింది. నేను ఏడ్చాను. ఊళ్ళో అందరికీ చెప్పేస్తానన్నాను. వద్దంది, కాంటా పట్టేటోనివి, మాట మీద నమ్మకం పోతే ఏం తింటావని తనే నన్ను కసిరింది.

ఆ సాయంత్రం మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె ఆ నవల ఎప్పుడో చదివిందట, మూడు రోజులు లైటు ఆర్పకుండా పడుకుందట. "గది నువ్వేనా? నన్ను నిద్ర పోనియ్యలే గద నీ పాడుగాను!" అని చేతిలో ఉన్న చేట విసిరింది. కోపం దిగాక ఆమే అంది, "సామాన్లు సదురు. గా ఇంట్లకే పోదాం." అలా మేము ఖాలా ముందు వాటాలో దిగాము. మేం బాగుంటే చూసి జనం మారతారని మా ఆశ. తీరా అక్కడ భయపడింది నేనే. ఒక మధ్యాహ్నం ముందు గదిలో ఒక్కణ్ణే ఉండగా తలుపు మూసుకుంది, లాగితే రాలేదు, నా పెళ్ళికూతురు నా వెనకే నిలబడినట్టనిపించి కేక పెట్టాను. "జర లేపు బేటా" అని పెరట్లోంచి ఖాలా గొంతు వినపడింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. మేము నిక్షేపంగానే ఉన్నాము గానీ షెడ్డు ఆడవాళ్ళు మాత్రం గడప తొక్కలేదు. బయట వాకిట్లో నిలబడి దోసిలి పడితే మా ఆవిడ చెంబుతో పోసేది. తుడిచే పని లేని బండలను ఖాలా సాయంత్రం అలవాటు కొద్దీ తుడుస్తూనే ఉండేది. ఒకనాడు మధ్యాహ్నం పనివాళ్ళంతా అన్నాలకు కూర్చున్న వేళ ఆమె చెప్పులు విడిచి, మోకాళ్ళు పట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళి, డ్రమ్ము కింద రాలిన పొడిలో రెండు కాళ్ళూ పెట్టి బాగా తొక్కింది. అందరూ చూస్తుండగా గడప దాటి, బండల మీదుగా పెరటిదాకా నడిచింది. నల్లా దగ్గర ఆగలేదు. అదే పసుపు కాళ్ళతో వెనుదిరిగి, వచ్చిన దారినే నడిచి వాకిట్లోకి వచ్చి నిలబడింది. "పోయిన. వచ్చిన. జూడుండ్రి" అంది.

అందరిలోకీ పెద్దామె ముందు పకపకా నవ్వింది. నవ్వుతూనే లేచి వచ్చి గడప దాటింది, ఆమె వెనక మిగతావాళ్ళు. సాయంత్రానికి బండలన్నీ పచ్చగా అయిపోయాయి. ఆ రోజు ఖాలా తుడవలేదు, మా ఆవిడను కూడా తుడవనివ్వలేదు. బోధన్‌కు ఆమె వెళ్ళలేదు. మా అమ్మాయిని రెండేళ్ళు ఒళ్ళో ఆడించి, చివరికి తన ఇంట్లో, తన మంచం మీదే కన్నుమూసింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ షెడ్డు లేదు. పాలిష్ పట్టడం ఊరి బయటికి పోయింది, పనివాళ్ళకు నీళ్ళ క్యాన్లు వస్తున్నాయి, దూప అయితే పక్కింటి గడప దాటే అవసరం ఎవరికీ లేదు. అద్దె పుస్తకాల తెర ఎప్పుడో పోయింది, నా నవల ప్రతి ఒక్కటి కూడా నా దగ్గర మిగల్లేదు. ఖాలా పేరు ఆ వాడకట్టులో ఈనాటి పిల్లలకు తెలియదు. నేను పెట్టిన దయ్యం మాత్రం ఇంకా బతికే ఉంది, ఏ ముసలమ్మ గుర్తూ లేకుండా, నల్లా లేకుండా, ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోంది. దాన్ని వెనక్కి పిలవడం ఎలాగో దాన్ని పుట్టించిన నాకే తెలియదు.

బజారు నుంచి తిరిగి వచ్చేసరికి అమ్మాయి ఇంకా అదే ధ్యాసలో ఉంది, లోపలికి పోయిన ఆడవాళ్ళు ఏమైపోయారు నాన్నా అని అడిగింది. అప్పుడు కూడా నేను చెప్పలేకపోయాను. ఇది రాసి దాని చేతికి ఇస్తాను. వాళ్ళకేమీ కాలేదమ్మా. చల్లటి నీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు నీడకు కూర్చుని, వాళ్ళ పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.