బంతి ముట్టకుండా గెలిపించిన సూరిబాబు

ఫుట్‌బాల్ టోర్నమెంటు ఈ రోజు. మా జట్టులో గోల్స్ కొట్టే ఒకే ఒక్క మనిషి సూరిబాబు. నిన్న మార్కెట్లో పని చేస్తుండగా అతని కాలి మీద బెల్లం దిమ్మ పడింది. అనకాపల్లి వాడికి దెబ్బ కూడా బెల్లంతోనే తగలాలి కాబోలు. గోల్‌కీపర్ని కదా, ఇక భారమంతా నా మీదే అని అన్నం సహించలేదు.

పొద్దున అతను కుంటుకుంటూ గ్రౌండుకి వచ్చి జెర్సీ వేసుకున్నాడు. "నాను పరిగెత్తలేను బావా. ఊరికే నిలబడతాను, మీరు ఆడండి" అన్నాడు. కాలి కట్టు మేజోడులో దాచేసి, అవతలి జట్టు ఎలమంచిలి వాళ్ళ గోల్‌కి కాస్త దూరంలో నిలబడ్డాడు. అతని ఆట వాళ్ళకి బాగా తెలుసు. ఇద్దరు డిఫెండర్లు అతన్ని అంటిపెట్టుకునే ఉన్నారు.

సగం ఆట అయ్యాక వాళ్ళలో ఒకడు ఉండబట్టలేక అడిగాడు.

"ఏటి మామా, కదలవేటి?"

"టైము రానీ, నువ్వే సూత్తావు."

ఆ టైము చివరిదాకా రాలేదు. ఈలోగా మా జట్టులో మిగతావాళ్ళకి బోలెడంత ఖాళీ దొరికి, రెండు గోల్స్ కొట్టేశారు. గెలిచాం. సూరిబాబుని భుజాల మీద ఎత్తుకునే బయటికి తెచ్చాం, ఎలాగూ నడవలేడు కనుక.

పని ముట్టకుండా నిలబడేవాళ్ళు మా ఆఫీసులోనూ నలుగురున్నారు. ఒక్కసారీ గెలిపించలేదు. మీ ఆఫీసులో ఎవరైనా గెలిపించారా?