హాథోర్న్ మిల్ రోడ్డు

మొన్న అల్ఫారెట్టా నుంచి కమ్మింగ్‌కి డ్రైవ్ చేస్తుంటే, ఒక మలుపు దగ్గర జీపీఎస్ ‘లేక్ వ్యూ పార్క్‌వే’ అంది. “కాదమ్మా, ఇది హాథోర్న్ మిల్ రోడ్డు,” అన్నాను పైకే. అది నా మాట వినలేదనుకోండి.

రెండువేల ఒకటి, రెండు ప్రాంతంలో, ఎమ్మెస్ చదువుతూ, వారాంతాలు కమ్మింగ్‌లో పెద్దమ్మ వాళ్ళింట్లో గడిపేదాన్ని. పెదనాన్న రిటైరైన డాక్టరు. పక్కింటి ముసలావిడ ఆ రోడ్డు మీదే పుట్టింది. ఆవిడ ముత్తాత అక్కడ పిండిమర పెట్టాడు కాబట్టి ఆయన ఇంటిపేరే ఆ చోటికి వచ్చింది. డ్యామ్ కట్టాక మర, చుట్టుపక్కల ఇళ్ళు సరస్సు అడుగుకి పోయాయి, రోడ్డు పేరొక్కటే మిగిలింది. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు దాన్నీ మార్చమన్నారు. ఆవిడ అడ్డుపడితే, పాత కాగితాల్లో ఆ పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది, అసలుదేదో తేల్చుకు రమ్మన్నారట కౌంటీ ఆఫీసులో.

పెదనాన్నకి పని దొరికింది. ఆదివారం పొద్దున్నే ఆవిడనీ నన్నూ కార్‌లో ఎక్కించుకుని పాత చర్చి సమాధుల దగ్గరికి తీసుకెళ్ళేవారు. మంచు విడని గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ మీది నాచు తుడిచి చదివేవారు: హాథోర్న్, హేథర్న్, హాటన్. రాయించినవాళ్ళకి చదువు రాదు, చెక్కినవాళ్ళు తమకి తోచినట్టు చెక్కారు. పైన్ చెట్ల మధ్య నుంచి వెలుతురు మెల్లగా దిగుతుంటే, ఒకే మనిషిని ఎవరెవరో పిలుస్తున్నట్టు ఉండేది నాకు. ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గరాజ్ ముందు నీళ్ళ గొట్టంతో సిద్ధం. “శ్మశానం నుంచొచ్చి కార్పెట్ మీద అడుగెలా పెడతారండీ? ముందు తల తడుపుకోండి!” మేము గజగజ వణుకుతూ తడుస్తుంటే, ఆ ముసలావిడ ఇదేదో మన పూజ అనుకుని, బూట్లు విప్పి భక్తిగా పాదాలు తడుపుకునేది. అది శ్మశానం మైల కడుక్కోవడమని పెద్దమ్మ ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు.

పేరు మార్పు గురించి కౌంటీవాళ్ళు పెట్టిన మీటింగ్‌లో పెదనాన్న తను తీసిన సమాధిరాళ్ళ ఫోటోలన్నీ చూపించి బాగానే మాట్లాడారు. వాళ్ళు మర్యాదగా విన్నారు, మర్యాదగానే పేరు మార్చేశారు.

తిరిగొస్తుంటే ఆవిడ సరస్సు వైపు చూస్తూ కూర్చుంది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక కాబోలు, పెదనాన్న తన ఊరు కూడా డ్యామ్ నీళ్ళ కిందే ఉందన్నారు. ఆ సంగతి నాకే తెలియదు. ఆవిడ ఇటు తిరిగి, దాని పేరేమిటని అడిగింది.

“ఏలేటిపాడు.”

ఆవిడ కూడబలుక్కుంటూ, సరిగ్గా నోరు తిరిగేదాకా ఆ పేరు పలికింది. పెదనాన్న కారు పక్కకి ఆపేశారు.

“ఈ కంట్రీకి వచ్చాక మా ఊరి పేరు నన్నెవరూ అడగలేదే,” అన్నారు నాతో, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.

ఇప్పుడు ఆవిడా లేదు, ఆయనా లేరు. ఆ రెండు పేర్లూ తెలిసినదాన్ని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే మిగిలాను, నా జుట్టూ తెల్లబడుతోంది.